చప్పగా ఉన్నాయమ్మా, వాన నీళ్ళే

2008 సెప్టెంబర్ 13, శనివారం తెల్లవారుజామున రెండు దాటాక ఐక్ హరికేన్ అమెరికాలో టెక్సాస్ తీరాన గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. అప్పుడు మేం హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో ఉండేవాళ్ళం. ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆయన, ఏడేళ్ళ పాప, మూడేళ్ళు నిండబోతున్న బాబు, ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా. ఆ రాత్రి గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ గాలి గురించి మొదలుపెట్టి నాన్న దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. అందుకే ఈసారి నాన్న దగ్గరే మొదలుపెడుతున్నాను.

నాన్నది దివిసీమ. కోడూరు అవతల, సముద్రం హోరు వినపడేంత దగ్గర ఊరు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా నాయనమ్మ పోయింది. నాకప్పుడు మూడేళ్ళు. అమ్మ నన్ను తీసుకుని గుడివాడలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళి ఉంది కాబట్టి మేమిద్దరం బతికాం. దీనికి మించి ఒక్క ముక్క కూడా మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. నాయనమ్మ ఫోటో లేదు, ఉన్న ఒక్కటీ ఆ నీళ్ళలోనే పోయింది. ఏటా కార్తీకంలో తద్దినం పెట్టేవాడు నాన్న, ఆ రోజంతా మౌనంగా ఉండేవాడు. ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, "నాయనమ్మ ఎలా పోయింది నాన్నా" అని అడిగితే విననట్టే లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లోంచి నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది. మళ్ళీ అడగలేదు.

ఐక్ వస్తుందన్న కబురు మొదట్లో మాకు పెద్దగా పట్టలేదు. క్యూబా మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోకి వచ్చాక కూడా మాకు దక్షిణాన కార్పస్ క్రిస్టీ వైపు పోతుందన్నట్టే చెప్పారు. గురువారం కల్లా టీవీ మ్యాప్‌లో తుఫాను దారి చూపించే గీత పైకి జరిగి జరిగి సరిగ్గా గాల్వెస్టన్ మీద ఆగింది. మా వీధిలో సగం మంది అప్పుడు పరుగులు మొదలుపెట్టారు, ప్లైవుడ్ కోసం, పెట్రోల్ కోసం, బ్యాటరీల కోసం.

వెళ్ళిపోదామా, ఉందామా అన్నది ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ. నిజానికి నాకూ మా ఆయనకూ చర్చ అక్కర్లేదు. 2005లో కత్రినా వచ్చి నెల తిరక్కముందే రీటా వస్తోందంటే హ్యూస్టన్ చుట్టుపక్కల నుంచి పాతిక లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. మేమూ ఎక్కాం, నాలుగేళ్ళ పాపతో, నేను కడుపుతో. డాలస్‌కి నాలుగు గంటల దారి. పద్నాలుగు గంటలు గడిచినా సగం దూరం కూడా రాలేదు. ఎండలో ఏసీ ఆపేసుకుని, పెట్రోల్ అయిపోతుందేమోనని భయపడుతూ, చివరికి ఒక చర్చి పార్కింగ్‌లో తలదాచుకున్నాం. ఆ ప్రయాణాల్లోనే వంద మంది దాకా చనిపోయారని తర్వాత తెలిసింది. అందుకే ఈసారి అధికారులు టీవీలో పదే పదే ఒకటే చెప్పారు: తీరంలో, లోతట్టులో ఉన్నవాళ్ళు నీళ్ళొచ్చే లోపు వెళ్ళిపోండి, మిగతావాళ్ళు గాలి తగ్గేదాకా ఇల్లు కదలకండి, రోడ్లు వాళ్ళకి వదలండి. మేం మిగతావాళ్ళలో ఉన్నాం.

నాన్న ఇదంతా విని రెండే ప్రశ్నలు అడిగాడు. "సముద్రం ఎంత దూరం బాబూ?" యాభై మైళ్ళ పైనే ఉంటుంది మావయ్యగారూ అన్నారు మా ఆయన. "ఇల్లు సముద్రానికి ఎంత ఎత్తున ఉంది?" అది ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. ఇల్లు కొనేటప్పుడు స్కూళ్ళు చూశాం, ఆఫీసు దూరం చూశాం, ఇది చూడలేదు. ఆయన కంప్యూటర్‌లో వెతికి దాదాపు 80 అడుగులని చెబితే నాన్న కాసేపు ఊరుకుని, "మా ఊరు ఆరడుగులు కూడా ఉండదు" అన్నాడు. ఊరి గురించి ఆయన అలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

గురువారం రాత్రే టీవీలో వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది. గాల్వెస్టన్ వైపు ఒకటి రెండంతస్తుల ఇళ్ళలో ఉండి వెళ్ళనివాళ్ళకి చావు తప్పదని, అచ్చంగా ఆ మాటలతోనే. నాన్న హైస్కూల్ టీచరు, ఇంగ్లీషు బాగా చదువుతాడు. కింద కదులుతున్న అక్షరాలు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మాకిలా ఎవరూ చెప్పలేదమ్మా. రేడియోలో తుఫానన్నారు. తుఫానంటే మాకేం కొత్త? తలుపులేసుకుని కూర్చునేవాళ్ళం. సముద్రం లేచి వస్తుందని ఎవరూ అనలేదు."

శుక్రవారం మధ్యాహ్నం గాల్వెస్టన్ నుంచి చూపిస్తున్నారు. తుఫాను ఇంకా సముద్రంలో ఎక్కడో ఉంది, అయినా అప్పటికే కెరటాలు సీవాల్ మీదకి ఎగిరెగిరి పడుతున్నాయి, పల్లం వీధుల్లోకి నీళ్ళొచ్చేశాయి. 1900లో వచ్చిన హరికేన్‌కి వేలమంది పోయాక కట్టుకున్న గోడ అది, పదిహేడడుగుల ఎత్తు. ఐక్ ఐదు కేటగిరీల్లో రెండోదే, గంటకి 110 మైళ్ళ గాలి, కానీ ఆకారం విశాలం, గల్ఫ్‌లో చాలా భాగం తనే కప్పేసింది, అందుకే నీళ్ళు ఒక రోజు ముందే వచ్చేశాయి. కేటగిరీ నంబరు గాలి గురించే చెబుతుంది, నీళ్ళ గురించి చెప్పదు. ఆ నంబరు చూసి ఉండిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాన్న పాప డ్రాయింగ్ పుస్తకం తీసుకుని తీరం గీత గీశాడు, దాని మీద ఒక సున్నా చుట్టాడు. "ఇది కన్ను. గాలి ఇలా ఎడమకి తిరుగుతుంది. కన్నుకి కుడిపక్క ఉన్నవాళ్ళ మీదకి గాలి సముద్రాన్ని తోస్తుంది, ఎడమ పక్కవాళ్ళ దగ్గర్నుంచి లాక్కుపోతుంది. మన తుఫాను చీరాల దగ్గర ఎక్కింది, మనం కుడి పక్కన పడ్డాం." అని టీవీలో మ్యాప్ కేసి చూపించి, గాల్వెస్టన్‌కి తూర్పున సన్నగా నాలికలా ఉన్న బొలివర్ ద్వీపకల్పం మీద వేలు పెట్టి, "పాపం వీళ్ళు" అన్నాడు.

అమ్మ మాత్రం ఆ రెండు రోజులూ పొయ్యి దగ్గరే ఉంది. కరెంటు పోయినా గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలుగుతుందని నేను చూపించాక కాస్త ధైర్యం వచ్చింది. పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది, చపాతీలు చేసి గుడ్డలో చుట్టింది, ఫ్రీజర్లో ఉన్న కూరలన్నీ ముందు తినేయాలని వరస పెట్టింది. బాత్‌టబ్బులు రెండూ తోమి నింపించాడు నాన్న. టాయిలెట్‌లో పోసుకోడానికే కదా, ఇంతలా ఎందుకు తోముతున్నాడు అనుకున్నాను. చవితికి పిల్లలు చేసిన మట్టి వినాయకుడు ఇంకా దేవుడి అరలోనే ఉన్నాడు. నిమజ్జనం ఆదివారమని పాప లెక్కపెట్టుకుంటోంది.

రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయింది. ఏసీ చప్పుడు ఆగిపోగానే, అప్పటిదాకా దానికింద ఉన్న గాలి చప్పుడు ఒక్కసారిగా ఇల్లంతా నిండింది. గాలి ఈలలు వేస్తుందంటారు గానీ నాకలా వినపడలేదు. లారీ ఒకటి ఇంటి గోడకి ఆనించి ఇంజను పెంచి వదిలేసినట్టు, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు తగ్గి మళ్ళీ. కిటికీలోంచి చూస్తే దూరంగా ట్రాన్స్‌ఫార్మర్లు పేలి ఆకాశం పచ్చగా, నీలంగా వెలిగి ఆరిపోతోంది. టాయిలెట్‌లో నీళ్ళు వాటంతటవే పైకీ కిందికీ ఊగుతున్నాయి, అది చూసి పాప ఏడుపందుకుంది. మెట్ల కింద క్లోసెట్‌లో కోట్లూ, వ్యాక్యూమ్ క్లీనరూ బయట పడేసి దుప్పట్లు పరిచి ఆరుగురం అందులోకి దూరాం. బాబు తాతయ్య ఒళ్ళో ఎక్కి ఐదు నిమిషాల్లో నిద్రపోయాడు. బ్యాటరీలు మిగలాలని టార్చి ఆపేసి, రేడియో ఒక్కటి సన్నగా పెట్టుకున్నాం.

ఏ మూడింటికో, పెరటి తలుపు దగ్గర చప్పుడైతే మా ఆయన వెళ్ళి చూసి, "నీళ్ళొస్తున్నాయి, టవల్స్ ఇవ్వు" అని కేకేశారు. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది, ఆ తలుపూ ఉత్తరం వైపే, వాన తలుపు కిందనుంచి లోపలికి తోసుకొస్తోంది. అంతే విషయం. నేను టవల్స్ కోసం లేచేలోపు నాన్న బాబుని అమ్మ ఒళ్ళోకి మార్చి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళి టార్చి వేశాను. టైల్స్ మీద నీళ్ళు అరచెయ్యంత వెడల్పున, సన్నగా, తలుపు దగ్గర్నుంచి మా వైపు పాకుతున్నాయి. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని మనిషి. కుడిచేతి చూపుడు వేలు ఆ నీళ్ళలో ముంచి, నాలిక మీద పెట్టుకున్నాడు. అలాగే ఉన్నాడు, రుచి తెలియడానికి అంతసేపు ఎందుకో నాకర్థం కాలేదు. మళ్ళీ ముంచి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి నాకేసి చూసి, "చప్పగా ఉన్నాయమ్మా, వాన నీళ్ళే" అన్నాడు.

టార్చి వెలుగులో ఆయన ముఖం నేను అంతకుముందు చూసిన ముఖం కాదు.

టవల్స్ కుక్కి మళ్ళీ వచ్చి కూర్చున్నాక నేనేమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు. "ఆ రోజూ శనివారమే" అన్నాడు.

పొద్దుటినుంచీ గాలి. మధ్యాహ్నానికి ఇంటి మీద గడ్డి లేచిపోయిందట. నాయనమ్మ, తను పక్కన పెంకుటింట్లోకి చేరారు, ఇంకో పది పన్నెండు మంది కూడా. పొద్దు వాలుతుండగా గుమ్మం కిందనుంచి నీళ్ళు రావడం మొదలైంది. ఇలాగే, సన్నగా. "వాన నీళ్ళేరా" అంది నాయనమ్మ, గోనెసంచి అడ్డం వేయమంది. సంచి వేస్తుంటే నీళ్ళు చిమ్మి పెదాల మీద పడ్డాయి. ఉప్పగా. "ఉప్పగా ఉన్నాయే అమ్మా" అన్నాడట నాన్న. ఆయనకి వెంటనే తట్టలేదు. నాయనమ్మకి తట్టింది. తలుపు తీయించి అందర్నీ బయటికి తరిమింది. బడి ఒక్కటే డాబా, అది రెండు పొలాల అవతల ఉంది. అక్కడిదాకా వెళ్ళలేకపోయారు.

తాటిచెట్టంత అల అని అందరూ చెప్పుకుంటారు కదా, నాన్న అల గురించి ఏమీ చెప్పలేదు. తుమ్మచెట్టు ఒకటి దొరికిందని, ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో అమ్మ అని చెప్పాడు. "తెల్లారేదాకా పట్టుకునే ఉన్నాననుకున్నానమ్మా. వెలుగొచ్చాక చూస్తే రెండు చేతుల్లోనూ కొమ్మే ఉంది."

ఇంకేం చెప్పలేదు. ఒళ్ళంతా ముళ్ళు దిగాయని, ఆ తర్వాత వారం రోజులు ఊళ్ళో తాగడానికి చుక్క మంచినీళ్ళు లేవని, బావులన్నీ ఉప్పయిపోయాయని, అది మాత్రం చెప్పాడు. పదివేల మందికి పైగా పోయారు ఆ ఉప్పెనలో. నేను ఆ అంకె పుస్తకాల్లో చదివాను, పరీక్షలో కూడా రాశాను. చీకట్లో అమ్మ చెయ్యి నా చేతికి తగిలితే చల్లగా ఉంది. "నేనూ ఇదే వినడం" అంది నెమ్మదిగా. పెళ్ళయి అప్పటికి ముప్పై అయిదేళ్ళు వాళ్ళకి.

ఆ రాత్రి నాన్న ఇంకో నాలుగైదు సార్లు లేచి వెళ్ళాడు తలుపు దగ్గరికి. ఎందుకు వెళ్తున్నాడో తెలుసు కాబట్టి ఎవరం ఆపలేదు. ప్రతిసారీ తిరిగొచ్చి "చప్పగానే ఉన్నాయి" అని చెప్పి కూర్చునేవాడు. 80 అడుగుల ఎత్తున, సముద్రానికి యాభై మైళ్ళ దూరాన ఉన్న ఇంట్లో ఉప్పునీళ్ళు రావని ఆయనకి మా అందరికన్నా బాగా తెలుసు.

తెల్లవారాక గాలి పడమటికి తిరిగింది. "ఇక దాటిపోయింది, తగ్గుతుంది" అన్నాడు నాన్న, రేడియోవాళ్ళు చెప్పకముందే. తలుపు తీస్తే మొదట నాకు మా పెరడు మాదని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. చెక్క ఫెన్సులన్నీ పడిపోయాయి. మాదీ, పక్కవాళ్ళదీ, వెనకవాళ్ళదీ, వీధి చివరిదాకా. అన్ని పెరళ్ళూ కలిసి ఒకటే మైదానం అయిపోయి, ఎవరి వెనక గుమ్మంలో వాళ్ళు రాత్రి బట్టల్లో నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాం, మా వెనకింట్లో ఉన్న పెద్దాయన్ని ఆ రోజే మొదట చూశాను. ఆయన మా ఇంటి కప్పు చూసి చెయ్యి ఊపి, బాగానే ఉంది అన్నట్టు బొటనవేలు చూపించారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు కరెంటు లేదు. హ్యూస్టన్ చుట్టూ 20 లక్షల పైచిలుకు కనెక్షన్లు పోయాయి, కొంతమందికి అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది. అయినా ఆ తొమ్మిది రోజులు నాకు కష్టంగా గుర్తులేవు. ఆదివారం పొద్దున ఒక జోరువాన కురిసి, దాని వెనకే ఉత్తరపు చల్లగాలి దిగింది. సెప్టెంబర్‌లో హ్యూస్టన్‌లో కిటికీలు తీసి పడుకోవడం అదృష్టమే. పాప, బాబు వానకి నిండిన బకెట్లో వినాయకుణ్ణి నిమజ్జనం చేశారు. ఫ్రీజర్లు కరుగుతున్నాయని ఎవరికి వాళ్ళు ఉన్నదంతా బయటికి తెచ్చి ఆ ఒక్కటైన పెరట్లో వండటం మొదలుపెట్టారు. మేం శాకాహారులమని తెలిసి వెనకింటి పెద్దాయన మొక్కజొన్న కంకులు విడిగా కాల్చి తెచ్చారు, అమ్మ పులిహోర ఇచ్చింది, ఆయన గిన్నె తిరిగి పంపిస్తూ ఇంకా ఉందా అని అడిగారు. ఐస్ కోసం కార్లో రెండు గంటలు లైన్లో నిలబడేవాళ్ళం. సోమవారం రేడియోలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసిందని చెబుతుంటే మా ఆయన ఐస్ బాక్సులో పాలు సర్దుతున్నారు, తలెత్తలేదు కూడా. రాత్రిళ్ళు నగరమంతా చీకటి, పైన నిండు పున్నమి. అంత వెన్నెల నేను మళ్ళీ అమెరికాలో చూడలేదు. నాన్న కుర్చీ వేసుకుని ఆ వెన్నెల్లో కూర్చునేవాడు, బాబు ఆయన కాళ్ళ దగ్గర.

బొలివర్ ఫోటోలు మూడు నాలుగు రోజులకి పేపర్లో చూశాం. గిల్‌క్రిస్ట్ అనే ఊరు మొత్తం తుడిచిపెట్టుకుపోయి, ఇసకలో పసుపుపచ్చ ఇల్లు ఒక్కటి నిలబడి ఉంది. ఎత్తైన స్తంభాల మీద కట్టుకున్న ఇల్లు. నాన్న ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. ఉప్పెన తర్వాత మన తీరం పొడుగునా కట్టిన తుఫాను షెల్టర్ల గురించి చెప్పాడు, 1990 మే తుఫానుకి లక్షల మందిని ముందే ఖాళీ చేయిస్తే ఆ షెల్టరు మెట్ల మీద నిలబడి తను పిల్లల్ని లెక్కపెట్టి లోపలికి పంపిన సంగతి చెప్పాడు. నేను అప్పుడు గుంటూరు హాస్టల్లో ఉన్నాను, నాకు తెలియనే తెలియదు. ఆ పేపరు మడిచి సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకి తీసుకెళ్ళాడు.

తొమ్మిదో రోజు రాత్రి పడుకున్నాక ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. వీధంతా కేకలు, చప్పట్లు. మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని బాత్‌టబ్బు ఖాళీ చేద్దామని మేడ మీదకి వెళ్ళడం. రెండో టబ్బు మేం వాడనే లేదు, నిండుగా ఉంది. బిరడా లాగబోతుంటే నాన్న గుమ్మంలోకి వచ్చి, "ఆగమ్మా, మంచి నీళ్ళు" అన్నాడు.

బకెట్ తెచ్చి ముంచుకుని కిందికి దిగాడు. గాలికి ఆకులన్నీ రాలి పుల్లల్లా మిగిలిన కరివేపాకు మొక్క మొదట్లో పోశాడు, మళ్ళీ పైకి వచ్చాడు. మోకాళ్ళు నొప్పెడతాయి నాన్నా, నేను మోస్తానన్నా ఇవ్వలేదు. రెండు బకెట్లు మల్లెకి, ఒకటి నిమ్మకి, ఫెన్సు లేదు కదా, ఒకటి వెనకింటి పెద్దాయన గులాబీలకి. బాబు ప్లాస్టిక్ మగ్గుతో ఆయన వెనకే మెట్లు దిగుతూ, సగం నీళ్ళు మెట్ల మీద ఒలకబోసుకుంటూ వెళ్ళాడు.